సదయ్య జీపు పంచనామా

ఆ ఆదివారం పొద్దున చేయవలసిన పని నిజానికి చాలా చిన్నది. అత్త ఐలవ్వను జీపులో కూర్చోబెట్టుకోవాలి, బసంత్‌నగర్ బడిలో పెట్టిన కంటి శిబిరానికి తీసుకెళ్లాలి, మధ్యాహ్నం లోపల ఆమె పేరు రాయించాలి. గోదావరిఖని నుంచి అదేమంత దూరం కాదు, బస్సులో పోయినా సరిపోయేది. కానీ ఆ బస్సు నడిపేవాడు రాత్రి కంటినిండా నిద్రపోయాడో లేదో ఎవరు చూశారని సదయ్య అనుమానం.

అనుమానపడడం సదయ్యకు ఉద్యోగం. ఆయన బొగ్గుగనిలో సర్దార్. షిఫ్టు మొదలయ్యే ముందు అందరికంటే ముందుగా లోపలికి దిగి, చేతికర్రతో పైకప్పును తట్టి, చెవి ఒగ్గి విని, ఇక్కడ గట్టిగా ఉంది, ఇక్కడ డొల్ల అని తేల్చేది ఆయనే. ఆయన సరేనన్నాకే మిగతావాళ్లు లోపలికి అడుగు పెడతారు. ఆయన తనిఖీ చేసిన చోట ఇన్నేళ్లలో ఒక్క మనిషికి గోరంత దెబ్బ తగల్లేదు. అందుకని గనిలో ఆయన అనుమానాన్ని అందరూ నెత్తిన పెట్టుకునేవాళ్లు. చిక్కల్లా షిఫ్టు దిగాకే. దీపాన్ని దీపాల గదిలో అప్పజెప్పి వచ్చినట్టు అనుమానాన్ని కూడా అక్కడే అప్పజెప్పి రావడం ఆయనకు చేతకాలేదు. అది ఆయన సైకిలు వెనక కూర్చుని క్వార్టర్ దాకా వచ్చేది. పాలలో నీళ్లు కలిశాయని తెలిస్తే కోపం తెచ్చుకునేవాడు, కలవలేదని తెలిస్తే ఎందుకు కలపలేదా అని ఆలోచనలో పడేవాడు.

అటువంటి మనిషి, కంపెనీ పనికిరావని పక్కన పెట్టి వేలం వేసిన జీపుల్లో ఒకదాన్ని పాడుకున్నాడు. దాని వయసెంతో కంపెనీకే సరిగ్గా తెలియదు. అదే జీపు కోసం రామకృష్ణాపూర్ నుంచి ఆయన భార్య మల్లక్క అన్న గట్టయ్య కూడా వచ్చి చివరిదాకా పోటీపడి ఓడిపోయాడు. ఓడినవాడు కోపంగా ఉంటే బాగుండేది. గట్టయ్య నవ్వుతూ, "పోనీ బావా, నీ ఇంట్ల ఉన్నా నా ఇంట్ల ఉన్నా ఒక్కటే" అన్నాడు. ఆ నవ్వు సదయ్యకు అప్పటి నుంచీ గొంతులో ముల్లులా ఉండిపోయింది.

జీపు మరమ్మతులు చేసేది వజీర్. చౌరస్తా పక్కన రేకుల షెడ్డు అతనిది, చేయి మంచిది, మనసు ఇంకా మంచిది. అయినా వజీర్ విప్పిన ప్రతి బోల్టునూ సదయ్య తన గుప్పిట్లో పట్టుకుని, తిరిగి బిగించేదాకా షెడ్డులోనే కూర్చునేవాడు. వజీర్ తేనీరు ఇప్పిస్తే అది ఎందుకు ఇప్పిస్తున్నాడోనని సగమే తాగేవాడు.

ఇక ఐలవ్వ సంగతి. ఆమె మల్లక్కకూ గట్టయ్యకూ తల్లి. ఒక కన్ను ఎప్పుడో పోయింది. మిగిలినదాని మీద పొర కమ్మి, మనుషుల ముఖాలు కనబడక చాలా ఏళ్లయింది. అందరినీ గొంతును బట్టే గుర్తుపడుతుంది. పొర బాగా పండిందని, ఈ శిబిరంలో తీయించకపోతే ఆ కంటిమీద ఇక ఆశ వదులుకోవలసిందేనని దవాఖానలో డాక్టర్ చెప్పాడు. ఆ మాట విన్న రోజు సదయ్యకు అన్నం దిగలేదు. పల్లె వదిలి గనిలో పనికి చేరిన కొత్తలో, ఇంకా అల్లుడు కాని రోజుల్లో, ఏ చుట్టరికమూ లేని తనకు రెండు పూటలా ముద్ద పెట్టింది ఐలవ్వే. లోకంలో సదయ్య అనుమానించని మనిషి ఒక్కరంటే ఒక్కరు, ఆమే.

"అల్లుడా, గంత దూరం ఎందుకయ్యా? నా కన్ను మంచిగనే ఉన్నది" అంది ఐలవ్వ ఆ పొద్దున, వాకిట్లో మంచం మీద కూర్చుని.

"మంచిగుంటె నిన్న మేక మెడ పట్టుకొని మల్లక్కా అని ఎందుకు పిలిచినవ్ అత్తా?"

"అది గూడ నా మాట ఇనకపాయె. గందుకే మల్లక్క అనుకున్న."

లోపలి నుంచి మల్లక్క ఏదో అంది గాని గిన్నెల చప్పుడులో కలిసిపోయింది. సదయ్య జీపు చుట్టూ గనిలో తిరిగినట్టే తిరిగాడు. టైర్లు నొక్కాడు, ఆయిల్ చూశాడు, రేడియేటర్ మూత తీసి నీళ్లు నిండుగా ఉన్నాయని వేలు ముంచి నిర్ధారించుకున్నాడు. తల్లిని శిబిరానికి తీసుకెళ్లాలని ముందురోజు సాయంత్రమే వచ్చిన గట్టయ్య, బంపర్‌కు నిమ్మకాయా మిరపకాయలూ కట్టి ఉంచాడు. సదయ్య ఆ నిమ్మకాయను కూడా వాసన చూశాడు.

బయల్దేరే ముందు ఐలవ్వ, బండికి దండం పెట్టుకుంటానంది. మల్లక్క చెయ్యిపట్టి ముందుకు తీసుకెళ్తే, జీపు ముందర గొంతుక్కూర్చుని చాలాసేపు దండం పెట్టుకుంది. తన జీపుకు జరిగిన ఈ మర్యాదకు సదయ్య గుండె నిండిపోయింది.

నలుగురూ ఎక్కారు. ఊరు దాటేదాకా జీపు బుద్ధిగానే నడిచింది. రామగుండం వైపు రైలుగేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది. బొగ్గు నింపుకున్న వ్యాగన్ల బండి ఒకటి మెల్లగా వచ్చి, సరిగ్గా గేటుకు అడ్డంగా ఆగి, ఇక కదలడం మానేసింది. జీపు ముందు వరుసలో ఉంది. వెనక సిమెంటు లారీలు, బస్సు, స్కూటర్లు, ఎడ్లబండి బారులు తీరాయి. అందరూ ఇంజన్లు ఆపారు. సదయ్య ఆపలేదు. ఆపితే మళ్లీ లేస్తుందో లేదోనని ఆయన అనుమానం.

కాసేపటికి గట్టయ్య మెల్లగా అన్నాడు. "బావా, పొగలెక్క ఏందో వస్తున్నది."

"అది రైలింజన్‌ది."

"రైలింజన్ గంత దూరం ఉన్నది. ఇది మన మూతి కాడ వస్తున్నది."

"నీకు మొదటి సంది ఈ బండి మీద మంచి మాట రాదు బావా" అన్నాడు సదయ్య. ఆ మాట ముగియకముందే ముందర ఆవిరి బుస్సుమని లేచి గేటు కనబడకుండా పోయింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

సదయ్య దూకి బానెట్ ఎత్తాడు. లోపల ఇంజను పెనంలా కాలుతోంది. పక్కన గేటుమనిషి రాయమల్లు గది ముందు నీళ్ల తొట్టి ఉంది. సదయ్య అందులో బకెట్ ముంచి తెచ్చి, ఒక్క ఊపున ఇంజను మీద గుమ్మరించాడు. చుయ్యిమంది. ఆ వెంటనే లోపలెక్కడో 'ఠప్' అని చిన్న చప్పుడయింది. ఆవిరి హోరులో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

తరువాత సదయ్య సీటు కింది నుంచి తన చేతికర్ర తీశాడు. ఇంజను పైభాగాన్ని ఒక చివర నుంచి తట్టుకుంటూ వచ్చి, చెవి దగ్గరగా ఆనించి విన్నాడు. మళ్లీ తట్టాడు. ఆయన ముఖం గంభీరంగా మారిపోయింది.

"డొల్ల" అన్నాడు. "లోపల అంత డొల్లే. ఎవరో ఏదో తీసుకున్నరు."

"ఇంజన్ లోపల ఖాళీనే ఉంటది గద బావా" అన్నాడు గట్టయ్య.

"నీకెట్ల ఎరుక? నువ్వెప్పుడు ఇప్పి చూసినవ్?"

సదయ్య తువ్వాలు చుట్టి రేడియేటర్ మూత తిప్పాడు. అడుగున మిగిలిన కాసిన్ని నీళ్లు నురగ కట్టి పైకి ఎగదన్ని ఆయన తెల్ల బనియను మీద పడ్డాయి. అవి మామూలు నీళ్లు కావు, పచ్చగా ఉన్నాయి. పసుపు వాసన గుప్పుమంది. నురగలో తెల్లతెల్లని పీలికలు తేలుతున్నాయి. ఒకదాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు. అనుమానం లేదు, ఉడికిన గుడ్డు.

చూడవచ్చినవాళ్లంతా ఒక్కసారిగా రెండడుగులు వెనక్కి వేశారు. పసుపు, గుడ్డు, ముందర నిమ్మకాయ, మిరపకాయలు! ఇక ఇదేమిటని ఎవరూ ఎవరికీ చెప్పవలసిన పని లేకపోయింది. సిమెంటు లారీ డ్రైవర్ ఒకడు, "ఎవరో మంత్రం జేసిన్రే" అని పైకే అనేశాడు.

సదయ్య మెల్లగా తిరిగి గట్టయ్య వైపు చూశాడు. గనిలో డొల్లగా మోగిన చోటును చూసే చూపు అది.

"బావా, నిన్న పొద్దుమూకినంక బండి ముందట కూసొని ఏం జేసినవ్?"

"నిమ్మకాయ కట్టిన."

"ఒక్క నిమ్మకాయేనా?"

గట్టయ్యకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థం కాగానే ముఖం కందగడ్డలా అయింది. "మా అవ్వ కూసునే బండికి నేను మంత్రం జేస్తనా? నీ తలకాయ మంచిగున్నదా? బండి నాకు రాలేదని నేనెన్నడన్న ఒక్క మాటన్ననా?"

"అదే గద. ఎందుకనలేదు?"

గట్టయ్య భుజం మీది తువ్వాలు తీసి నేలమీద పరుచుకుని, రోడ్డు పక్కన చతికిలబడ్డాడు. ఇక ఈ జీపును చేత్తో ముట్టుకునేది లేదన్నాడు. మల్లక్క అన్న వైపూ మొగుడి వైపూ చూసి, "మీరిద్దరు కొట్టుకొని చావున్రి, మా అవ్వ కన్ను పోనియ్యిన్రి" అని కొంగు నోట్లో కుక్కుకుంది. ఐలవ్వ మాత్రం వెనక సీట్లో కిక్కురుమనకుండా కూర్చుంది.

అదే సమయానికి వ్యాగన్ల బండి కదిలింది, గేటు లేచింది. దారి మధ్యలో జీపు బండరాయిలా నిలబడి ఉంది. వెనక హారన్లు మొదలయ్యాయి. రాయమల్లు ఎర్రజెండా ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఇంకో బండికి లైను ఇయ్యాలె, జల్ది నూకున్రి! ఏంది గట్ల చూస్తున్రు? చేతులెయ్యిన్రి!"

ఎవరూ చెయ్యి వేయలేదు. లారీ డ్రైవర్లు, బస్సులోని జనం, స్కూటర్లవాళ్లు అందరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. బాణామతి చేసిన బండిని ముట్టుకుంటే అది తమ బండికి అంటుకుంటుందని ఒకరంటే, బండికి కాదు, ఇంటికే వస్తుందని ఇంకొకరన్నారు. సదయ్య ఒక్కడే భుజం ఆనించి తోశాడు. జీపు అంగుళం కదల్లేదు. తాను ఊతమిచ్చిన మాటే తన దారికి అడ్డం పడిందని ఆయనకు తట్టలేదు. ఇంతమంది కలిసికట్టుగా ఎందుకు సాయం చేయడం లేదా అని ఆ గుంపు మొత్తం మీద అనుమానపడ్డాడు.

స్కూటరు మీద వెనక్కి వెళ్తున్న ఒకాయనతో కబురంపితే, కొంతసేపటికి వజీర్ లూనా మీద వచ్చాడు. ఈలోగా ఎండ నెత్తికెక్కింది. ఐలవ్వ పేరు రాయించే వేళ దగ్గర పడుతోంది. సదయ్య నిమిషానికోసారి సూర్యుడి వైపు చూస్తున్నాడు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

వజీర్ పచ్చని బనియను చూశాడు, పచ్చని నురగ చూశాడు, దూరంగా నిలబడ్డ జనాన్ని చూశాడు. నవ్వాపుకోలేక నడుం పట్టుకుని వంగిపోయాడు.

"అరే సదయ్యన్నా, మంత్రం గింత్రం ఏంలేదు. పసుపు, గుడ్డు నేనే ఏసిన."

"నువ్వా!"

"రేడియేటర్‌ల సన్నగ లీకుండె. గుడ్డు తెల్లసొన, పసుపు ఏస్తె వేడికి పట్టుకొని బొక్క మూసుకపోతది. లారీలోళ్లు అందరు చేస్తరు. పోయిన వారం నువ్వు బోల్టులు లెక్కపెట్టుకుంట కూసున్నప్పుడు ఏసిన. అడుగున పేరుకున్నది, ఇయ్యాల మరిగి పైకి తేలింది."

వెనకాల ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు నాలుక కరుచుకున్నారు. వాళ్ల రేడియేటర్లలోనూ అదే ఉంది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు సదయ్య.

"చెప్తె ఏమంటుంటివి? ఆ బొక్క నేనే పెట్టిన అంటుంటివి."

సదయ్య ఒక క్షణం ఆలోచించాడు. "ఐతె ఆ బొక్క ఎవరు పెట్టిన్రు?"

వజీర్ రెండు చేతులూ జోడించి, "తౌబా, తౌబా! ఇగ నన్నేం అడగకు" అని పని మీద పడ్డాడు. ముందుగా ఆయిల్ చూసే కమ్మీని తీసి వేలితో రాసి చూశాడు. "ఆయిల్ మజ్జిగ లెక్క తెల్లగ కాలేదు. మంచిదే. లోపట నీళ్లు కలవలేదు ఇంక. జర సల్లారనియ్యి, అప్పుడు చూద్దాం. గాని ఈ నీళ్లన్ని యాడికి పోయినయ్? నేనేసిన మందు పని జేస్తనే ఉన్నది, లీకు లేదు." జీపు కిందికి దూరి తల మాత్రం బయటపెట్టాడు. "అన్నా, నీళ్లు ఇడిచే నల్లా సగం ఇప్పి ఉన్నది. దారి పొడుగున కారుకుంట వచ్చినయ్. ఎవరో చేత్తోనే ఇప్పిన్రు."

ఈ మాటతో సదయ్యకు ప్రాణం లేచి వచ్చింది. పొద్దుట నుంచీ అందరూ తనను పిచ్చివాడిలా చూస్తున్నారు. ఇప్పుడు నిజంగానే ఒక దొంగ ఉన్నాడు. గనిలో ఏదైనా జరిగితే చేసే విచారణలాగే ఇక్కడా చేయాలని నిశ్చయించాడు. పంచనామాకు సాక్షి కావాలని రాయమల్లును చెయ్యిపట్టి నిలబెట్టాడు. ఎర్రజెండా పట్టుకుని రాయమల్లు అయోమయంగా నిలబడ్డాడు.

"పొద్దుగాల నేను వేలు ముంచి చూసిన. నీళ్లు నిండ ఉండె. అంటె ఆ తర్వాత ఇప్పిన్రు. బండి కాడికి వచ్చినోళ్లు అందరు అత్త నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యాలె. ఇప్పినోడు అబద్ధమాడితె ఆమె కన్ను రాదు."

ఐలవ్వను జీపులోంచి దింపి రాయి మీద కూర్చోబెట్టారు. గట్టయ్య లేచి వచ్చి, బావను కాల్చేసేలా చూస్తూ, తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. మల్లక్క ఒట్టేసింది, ఒట్టేస్తూ ఏడ్చింది. వజీర్ ఒట్టేశాడు. తన మీద కూడా ఎవరికైనా అనుమానం ఉండవచ్చని సదయ్య తనే ఒట్టేసుకున్నాడు. పొద్దున తమకేమీ తెలియకపోయినా, ఊరికే నిలబడలేక ఇద్దరు లారీ డ్రైవర్లు కూడా వచ్చి ఒట్టేసి వెళ్లారు.

"అందరూ అయిపోయారా?" అని ఎవరో అడిగారు. తెల్లచొక్కా వేసుకున్న నడివయసు మనిషి. వరుసలో వెనక చిక్కుకుపోయిన వ్యాను దిగి, ఏం జరుగుతోందో చూద్దామని నడిచి వచ్చాడు. "ఈ పెద్దావిడ వేయలేదే?"

"ఆమె నెత్తి మీద ఆమె ఎట్ల ఏసుకుంటది సార్?" అన్నాడు సదయ్య విసుగ్గా.

"అదే గద బిడ్డా!" అంది ఐలవ్వ ఒక్కసారిగా. "ఇంతమంది చేతులు పెడితె నా నెత్తి ఏం గావాలె? ఇగ ఆపున్రి. నల్లా నేనే ఇప్పిన."

గేటు దగ్గర హారన్లు కూడా ఆగిపోయినట్టు అనిపించింది.

"దండం పెడుతనని వంగిన గద, అప్పుడే తిప్పిన. నల్లా యాడుంటదో నువ్వే చెప్పినవ్ అల్లుడా. ఆదివారం ఆదివారం బండి కడుక్కుంట, ఇది తిప్పితె నీళ్లు పోతయ్, నీళ్లు లేకపోతె బండి కదలదు అని చెప్పుడే చెప్పుడు. కండ్లు లేకపాయె గాని, చేతులున్నయ్ గద నాకు."

"ఎందుకవ్వా? ఎందుకిట్ల జేసినవ్?" మల్లక్క తల బాదుకుంది.

ఐలవ్వ జవాబు కూతురికి చెప్పలేదు. కొత్తగా వచ్చిన గొంతు వైపు తిరిగి, పరాయివాడైతేనే న్యాయం చెబుతాడన్న నమ్మకంతో చెప్పుకుంది. "నువ్వు చెప్పు బిడ్డా. బసంత్‌నగర్‌ల ఎవరో డాక్టర్ దిగుతున్నడట. కన్ను చెంచతోని తీసి, పళ్లెంల పెట్టి కడిగి, మళ్ల పెడుతడట. గంతమందివి ఒక్కసారే తీస్తె, ఒకరిది ఒకరికి పెట్టడని ఏంది గ్యారంటీ?"

తెల్లచొక్కా మనిషి ఆమె ముందు కూర్చుని, మాటల్లో పెట్టి, బొటనవేలితో కనురెప్ప ఎత్తి చిన్న టార్చిలైటు వేసి చూస్తున్నాడు. "ఈ సంగతి నీకెవరు చెప్పారవ్వా?"

"ఎవరు చెప్పాలె? నాకే అనుమానమైంది."

ఇది విని సదయ్యకు ఆమె మీద కోపం సగం పోయింది. తనకైతే ఇంత దూరం తట్టేది కాదు.

"ఇంకేమైనా ఉందా?"

ఐలవ్వ గొంతు తగ్గించింది. "కట్టు కట్టినంక నెల రోజులు చుట్ట తాగొద్దంటరట."

"అది మాత్రం నిజమే" అన్నాడాయన టార్చిలైటు ఆర్పుతూ. "మిగతాది అబద్ధం. నీ కన్ను నేను తీయను. పొర ఒక్కటే తీస్తాను. కన్ను బాగుంది, ఈ వారమే చేయాలి."

ఐలవ్వ తల వెనక్కి లాక్కుంది. "నువ్వు తీస్తవా? నువ్వెవరు?"

"ఆ డాక్టర్‌ను నేనే. రామగుండంలో రైలు దిగి వస్తున్నాను. నీ జీపు అడ్డం లేకపోతే ఈపాటికి వెళ్లిపోయి ఉండేవాణ్ణి. నేను లేకుండా అక్కడ ఎవరి పేరూ రాయరు గనుక నీకు ఆలస్యం ఏమీ కాలేదు."

ఆమె చాలా నెమ్మదిగా, "గట్టయ్యా, నా చుట్టల సంచి యాడున్నది?" అని అడిగింది. మల్లక్క అప్పటికే దాన్ని తన కొంగులో ముడి వేసుకుంది.

ఇక జీపును తోయడానికి పోటీపడి చేతులు వచ్చాయి. అందరికంటే ముందు భుజం ఆనించింది గట్టయ్య. సదయ్య పక్కనే నిలబడి తోస్తూ, "బావా, తప్పయింది" అన్నాడు. గట్టయ్య వినబడనట్టు ఇంకా గట్టిగా తోశాడు. జీపు పక్కకు ఒరిగింది, వరుస కదిలింది. వ్యాను ఐలవ్వనూ మల్లక్కనూ గట్టయ్యనూ ఎక్కించుకుని వెళ్లిపోయింది. నాలుగో మనిషికి చోటు లేకపోయింది.

రోడ్డు పక్కన సదయ్య, వజీర్, జీపు మిగిలారు. ఇంజను చల్లారాక వజీర్ నల్లా బిగించి, రేడియేటర్ నిండా నీళ్లు పోసి, ప్లగ్గులు విప్పి ఒక గుడ్డ మీద పెట్టాడు. ముందర హ్యాండిల్ పెట్టి ఒక చుట్టు తిప్పాడు. రెండో ప్లగ్గు బొక్కలోంచి నీళ్లు చివ్వున లేచి సదయ్య ముఖాన కొట్టాయి.

"ఇంజన్ మీది హెడ్ పగిలిందన్నా" అన్నాడు వజీర్ బాధగా. "నీళ్లు లోపటికి దిగుతున్నయ్. నల్లా ఇప్పినందుకు గాదు, దానికైతే కాగి ఆగిపోతుండె, సల్లారినంక మంచిగనే లేస్తుండె. కాలిన ఇనుము మీద ఎవరో సల్లటి నీళ్లు గుమ్మరించిన్రు. టప్పున పగిలింది."

"ఎవరు?" అన్నాడు సదయ్య అలవాటు కొద్దీ.

వజీర్ ప్లగ్గులు తుడుచుకుంటూ కూర్చున్నాడు. సదయ్య అటూ ఇటూ చూశాడు. అనుమానించడానికి కనుచూపు మేరలో ఇంకెవరూ లేరు. తొట్టి పక్కన రాయమల్లు బకెట్ బోర్లించి ఉంది. ఆయన వజీర్ పక్కన కూలబడి, ప్లగ్గులు పెట్టిన గుడ్డను తన వైపు లాక్కోకుండా ఊరికే కూర్చున్నాడు. రాయమల్లు గదిలోంచి వజీర్ తెచ్చిచ్చిన తేనీరు సదయ్య ఈసారి మొత్తం తాగాడు.

ఐలవ్వ కన్ను కోత చక్కగా జరిగింది. కట్టు విప్పే రోజున సదయ్య బస్సెక్కి బసంత్‌నగర్ వెళ్లాడు. డ్రైవర్ నిద్రపోయాడా అని అడగలేదు. అడుగుదామని నోటిదాకా వచ్చింది గాని ఆపుకున్నాడు. బడి వరండాలో మల్లక్క, గట్టయ్య ఐలవ్వ పక్కన కూర్చుని ఉన్నారు. డాక్టర్ కట్టు విప్పి, సోడాసీసా అడుగంత మందం అద్దాలు ఆమె ముక్కు మీద నిలబెట్టాడు.

ఐలవ్వ కన్ను చికిలించి ముందు గోడను చూసింది, తరువాత తన అరచేతిని చూసుకుంది. కూతురి ముఖం చూసి బోసినోటితో నవ్వింది. కొడుకు చెంప తడిమింది. సదయ్య చొక్కా సర్దుకుని ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అత్తా, నన్ను చూడు. కనబడుతున్ననా?"

ఆమె చూసింది. కిందినుంచి పైకి, పైనుంచి కిందికి చూసింది. బట్టతల దగ్గర చూపు చాలాసేపు ఆగింది. మూతి కొద్దిగా ముడుచుకుంది.

"గొంతు మా అల్లునిదే. గాని మా సదయ్యకు నెత్తి నిండ నల్లటి జుట్టు. పిల్లగాని లెక్క ఉంటడు. ఈ ముసలాయనెవరు?"

"నేనే అత్తా! సదయ్యనే!"

"అట్లనే అంటరు" అంది ఐలవ్వ. "కన్ను కొత్తగ వచ్చింది గద అని మోసం జేద్దామనుకుంటున్నరు. గట్టయ్యా, నువ్వు చెప్పు. ఇతను మన సదయ్యేనా?"

సదయ్య ఆశగా బావ వైపు తిరిగాడు. గట్టయ్య తొందరపడలేదు. భుజం మీది తువ్వాలు సర్దుకుని, నాలుగడుగులు వెనక్కి వేసి, సదయ్య చుట్టూ ఒకసారి నింపాదిగా తిరిగి వచ్చాడు.

"నాకు గూడ అనుమానమే అవ్వా" అన్నాడు.